కొట్టులో తేడా వస్తే

రాత్రి తొమ్మిదిన్నర దాటాక రాజమండ్రి మెయిన్‌రోడ్డులో షట్టర్లు సగానికి దిగుతాయి. పూర్తిగా దింపరు, లోపల లెక్క చూస్తుంటారు. గల్లా దగ్గర ఒకరు నోట్లు కట్టలు కడుతుంటే ఇంకొకరు కంప్యూటర్లో రోజు అమ్మకం తీస్తారు. ఫోన్‌పేలు ఒక పక్క, కార్డులు ఒక పక్క, రొక్కం ఒక పక్క. మూడూ కలిపి బిల్లులతో సరిపోతే షట్టరు నేలకు తగులుతుంది. సరిపోకపోతే క్యాషియరు నోట్లోంచి ఒక్క మాటే వస్తుంది: "తేడా వచ్చిందండి." ఆ మాట విన్నాక చీరల సెక్షన్ అమ్మాయిలెవరూ బ్యాగు భుజానికి తగిలించుకోరు. కోరుకొండ వైపు ఆఖరి బస్సు పోయినా సరే. ముందు కదిలిన మనిషి మీదే చూపు పడుతుందని వాళ్ళకు తెలుసు.

తేడా లెక్కలో వచ్చేది. దొంగతనం మనిషి చేసేది. ఈ రెంటి మధ్యా చాలా దూరముంది గానీ మన కొట్లలో ఆ దూరం దాటడానికి పది నిమిషాలు చాలు. తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్టు కావచ్చు, జాంపేట నగల షాపు కావచ్చు, భీమవరంలో ఏసీ మాలు కావచ్చు, అమలాపురంలో కిరాణా కొట్టు కావచ్చు. అనుమానం వచ్చాక జరిగే తంతు దాదాపు ఒకటే. అదంతా నోటిమాటతో జరుగుతుంది, కాగితం మీదకు రాదు. వచ్చే కాగితం ఒక్కటే, అది ఉద్యోగి చేత రాయించుకునేది.

వెనకటి సంగతి ముందు చెప్పాలి. గుమాస్తాను పెట్టుకునేటప్పుడు షావుకారు చూసేది చదువు కాదు, పూచీ. ఎవరు తీసుకొచ్చారు, ఏ ఊరు, ఎవరబ్బాయి. కుర్రాడు కొట్లోనే పడుకునేవాడు, షావుకారు ఇంట్లోనే తినేవాడు. నమ్మకం అలా ఉంటే అనుమానం కూడా అలాగే ఉండేది. తేడా వస్తే కుర్రాణ్ణి అడిగే ముందే పూచీ పడినవాడికి కబురు వెళ్ళేది. దానితో తేలకపోతే దేవుడి దగ్గరకు. కర్పూరం వెలిగించి దాని మీద ప్రమాణం చేయించడం, తమలపాకులో కాటుక రాసి అంజనం వేయించడం మా తరం దాకా చూసినవే. అంజనంలో "తెల్లచొక్కా మనిషి, పొట్టిగా ఉన్నాడు" అని వస్తే కొట్లో ఉన్న పొట్టివాళ్ళందరికీ ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. ప్రమాణాల మీద నమ్మకం పోయిందనుకుంటే పొరపాటు. 2020 డిసెంబరులో అనపర్తి ఎమ్మెల్యే, మాజీ ఎమ్మెల్యే ఒకరి మీద ఒకరు చేసుకున్న అవినీతి ఆరోపణలకు బిక్కవోలు లక్ష్మీగణపతి ఆలయానికే వెళ్ళి ప్రమాణాలు చేశారు. శాసనసభలో కూర్చున్నవాళ్ళే గుడి మెట్లెక్కితే కౌంటరు మీద కర్పూరం వెలిగించిన షావుకారును ఏమనగలం?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బంధువుల బట్టల కొట్లో జరిగింది ఒకటి చెబుతాను. అప్పట్లో కొట్లో కుర్చీలుండేవి కావు. తెల్ల పరుపుల మీద కూర్చుని చీరలు పరిచేవాళ్ళు. దసరా బేరాలు జోరుగా ఉన్నాయి. రాత్రి లెక్కలో రెండు ఉప్పాడ చీరలు తక్కువ వచ్చాయి. ఆ పూట వాటిని మడత పెట్టింది కోనసీమ నుంచి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రాడు. పెద్దాయన గొంతు పెంచలేదు.

"ఏరా, తీసుంటే చెప్పెయ్. ఏమీ అనను."

"లేదండి. అమ్మ తోడండి. నేను తియ్యలేదండి."

"మరి చీరలకు కాళ్ళొచ్చాయా?"

పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, అది ఇప్పటికీ గుర్తే. మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న రావులపాలెం బస్సులో దిగాడు. చెప్పులు బయట విడిచి, కండువా తీసి చేతిలో పట్టుకుని, "మావాడు అలాంటోడు కాదండి" అని ఒక్కసారే అన్నాడు. తర్వాత చీరల ఖరీదు ఎంతో కనుక్కుని నోటు రాసిచ్చాడు. కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. పదిపన్నెండు రోజుల తర్వాత దానవాయిపేట నుంచి ఒకావిడ రిక్షాలో వచ్చి, "మగపెళ్ళివారికి నచ్చలేదండీ" అంటూ ఆ రెండు చీరలూ పరుపు మీద పెట్టింది. ఎంపిక కోసం ఇంటికి పంపిన చీరలవి. పంపింది పెద్దాయన తమ్ముడు. పుస్తకంలో రాయడం మరిచిపోయాడు. నోటు చింపేశారు. కుర్రాడి ఊరికి మాత్రం కబురు వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "ఇప్పుడు కబురెడితే మనదే తప్పని ఒప్పుకున్నట్టుంటుంది" అన్నారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత మనకు పెద్ద నష్టమే చేసింది. ఈశ్వరుడికే సాధ్యం కాదన్నప్పుడు సాక్ష్యం వెతకడమెందుకు, గట్టిగా అడిగితే సరిపోతుందనే ధీమా అందులోంచే వచ్చిందేమో. దీనికంటే తెలివైన మాట ఒకటి మన కిరాణా కొట్లలోనే ఉంది. అది "తరుగు". ఏజెన్సీ నుంచి వచ్చిన చింతపండు వేసవిలో ఆరితే బరువు తగ్గుతుంది. బెల్లం వానాకాలంలో కారిపోతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మూటను నెల తర్వాత తూస్తే మొదటి తూకం రాదు. గోనెసంచి బరువు ఎవరు తీసేశారు, ఎవరు తియ్యలేదు అన్నదీ ఉంది. పాత షావుకారు ఇదంతా తరుగు కింద రాసుకుని మిగిలిందాన్నే తేడా అనేవాడు. కంప్యూటరుకు ఆ వివేకం లేదు. కొన్న బరువులోంచి అమ్మిన బరువు తీసేసి మిగిలినదంతా ఒకే గడిలో ఎర్రగా చూపిస్తుంది.

పెద్ద దేశాల పెద్ద కొట్లలో కూడా పరిస్థితి ఇదే. అమెరికా జాతీయ రిటైల్ సమాఖ్య తన 2023 సర్వేలో, అంతకుముందు సంవత్సరం సరుకులో వచ్చిన లోటు అమ్మకాల్లో సగటున 1.6 శాతమని చెప్పింది. డబ్బులో 11,210 కోట్ల డాలర్లు. అందులో బయటి దొంగతనాలు 36 శాతం, సొంత ఉద్యోగుల చేతివాటం 29 శాతం, లెక్కల్లో పొరపాట్లు 27 శాతం. ఈ మూడో అంకెను ప్రతి యజమానీ గల్లాకు ఎదురుగా రాసి పెట్టుకోవాలి. తప్పుడు బార్‌కోడ్, రెండుసార్లు ఎక్కిన ఇన్వాయిస్, వాపసు తీసుకుని స్టాకులో కలపని సరుకు, ఇవన్నీ కలిసి ఉద్యోగుల చేతివాటం చేసే నష్టానికి దాదాపు సమానంగా ఉన్నాయన్నమాట.

కంప్యూటరు చెప్పిందే వేదం అనుకుంటే ఎక్కడిదాకా పోతుందో బ్రిటన్ పోస్టాఫీసు చూపించింది. అక్కడ పల్లెల్లో పోస్టాఫీసంటే చాలావరకు ఒక చిన్న కొట్టు. మిఠాయిలు, పేపర్లు అమ్ముతూ పోస్టు కౌంటరు కూడా నడుపుతారు. వాళ్ళలో గుజరాతీలు, పంజాబీలు కూడా బాగా ఉండేవారు. 1999 నుంచి హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది లేని లోటు చూపించింది. తొమ్మిది వందల మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్ష పడింది. ఇళ్ళమ్మి "లోటు" కట్టినవాళ్ళున్నారు, జైలుకెళ్ళినవాళ్ళున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2019లో హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లోనే లోపముందని తేల్చింది. చివరికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయాల్సి వచ్చింది. అన్ని సంవత్సరాలూ ఒక్కొక్కరికీ, "మీ ఒక్కరికే ఇలా జరుగుతోంది" అని చెప్పారట. మన కొట్లో క్యాషియరుకు చెప్పే మాట కూడా అదే కదా: "మిగతావాళ్ళ కౌంటర్లలో రాని తేడా నీ దగ్గరే ఎందుకొస్తోందమ్మా?"

ఇప్పుడు మన తంతు చూద్దాం. అనుమానం వచ్చిన ఉద్యోగిని పైన స్టాకు గదిలోకి పిలుస్తారు. ఫోను తీసి బల్ల మీద పెట్టమంటారు. సీసీ కెమెరాలో ముక్క ఒకటి చూపిస్తారు, లేదా ఉందని చెబుతారు. "ఒప్పుకుంటే ఇక్కడితో పోతుంది, లేకపోతే స్టేషను" అంటారు. గంటలు గడుస్తాయి. చివరికి తెల్లకాగితం వస్తుంది. తీసిందొకటైతే, "ఎప్పటినుంచో తీస్తున్నాను" అని రాయిస్తారు. ఆ పైన ప్రామిసరీ నోటు, ఖాళీగా. అమ్మానాన్నలను పిలిపించి వాళ్ళ సంతకాలు కూడా. ఆ నెల జీతం ఆగిపోతుంది. మర్నాడు మిగతా కొట్లకు ఫోన్లు వెళతాయి.

ఇందులో అడుగడుగునా చట్టం అడ్డముంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 306వ సెక్షన్ గుమాస్తా గానీ నౌకరు గానీ యజమాని సొత్తు దొంగిలిస్తే ఏడేళ్ళ దాకా జైలు అంటుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 381. అదే సంహితలో 120వ సెక్షన్ ఉంది. నేరం గానీ తప్పు గానీ ఒప్పించడానికి, లేదా సొత్తు తిరిగి ఇప్పించడానికి, ఎవరైనా ఎవరినైనా కొడితే దానికీ ఏడేళ్ళ దాకానే. ఇది పోలీసులకే అనుకుంటారు చాలామంది. కాదు, "ఎవరైనా" అనే ఉంది. అంటే స్టాకు గదిలో చెంప మీద పడిన దెబ్బ, బ్యాగులో దొరికిన చీర, చట్టం తూకంలో రెండూ ఒకే బరువు. కదలనివ్వకుండా గదిలో కూర్చోబెట్టడం 127 కింద అక్రమ నిర్బంధం, ఏడాది దాకా జైలు. కళ్ళెదుట దొంగతనం చేస్తుండగా పట్టుకుంటే మామూలు పౌరుడు కూడా పట్టి ఉంచవచ్చు, కానీ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించి తీరాలి. ఈ ఆరు గంటల గడువు నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్‌లో కొత్తగా చేర్చినది. రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చోబెట్టిన మనిషిని తెల్లవారాక పంపిస్తే గడువు దాటిపోయినట్టే. కళ్ళారా చూడకుండా కేవలం లెక్క తేడా మీద కూర్చోబెడితే ఆ హక్కు కూడా లేదు.

అంత కష్టపడి రాయించిన ఒప్పుకోలు కాగితం విలువెంత? బెదిరించో ఆశపెట్టో, పైచేయిగా ఉన్న మనిషి రాయించుకున్న ఒప్పుకోలును క్రిమినల్ కేసులో పక్కన పెట్టమని సాక్ష్య చట్టం చెబుతుంది. తనంతట తాను ఒప్పుకున్నా అది బలహీనమైన సాక్ష్యమే, వేరే ఆధారం తోడు కావాలంటాయి కోర్టులు. సీసీ ఫుటేజీ సంగతీ అంతే. మేనేజరు తన ఫోనులో తెరను వీడియో తీసి పెట్టుకుంటే చాలదు. అసలు రికార్డు నిలవ ఉంచాలి, దానికి చట్టం చెప్పిన ధ్రువపత్రం జతపరచాలి. వందమందికి మించి జనం వచ్చే చోట కెమెరాలు పెట్టి, 30 రోజుల ఫుటేజీ ఉంచాలని మన రాష్ట్రంలో 2013లోనే ప్రజాభద్రత చట్టం తెచ్చారు. కెమెరాలున్నాయి. కావలసిన రోజు ఫుటేజీ అడిగితే మాత్రం దాని మీద కొత్తది రికార్డయిపోయి ఉంటుంది. నిందపడ్డ ఉద్యోగికి అనుకూలమైన ఫుటేజీ అయితే మరీ త్వరగా.

ఇంకో వింత చూడండి. ఐదు వేల రూపాయల లోపు విలువైన దొంగతనం చేసి మొదటిసారి శిక్ష పడినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టమని కొత్త సంహిత 303వ సెక్షన్‌లో రాశారు. మంచి మార్పే. కానీ ఆ వెసులుబాటు మామూలు దొంగతనానికి. మూడు వేల చీరను కొనడానికి వచ్చినట్టు నటించి ఎత్తుకుపోయినావిడకు సమాజ సేవ. అదే చీర అదే కొట్లో పనిచేసే అమ్మాయి తీస్తే 306, ఏడేళ్ళ దాకా. దొరల కాలం నాటి యజమాని-నౌకరు లెక్క పేరు మారిన చట్టంలోకి కూడా భద్రంగా వచ్చి చేరింది. నమ్మకద్రోహం పెద్ద తప్పే, కాదనను. అయినా ఈ తారతమ్యం నాకు మింగుడు పడదు.

ఉద్యోగంలోంచి తీసేసే విషయానికొస్తే, ఇక్కడ మన జిల్లాలకు పాత చరిత్రే ఉంది. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1947 నాటి మద్రాసు దుకాణాల చట్టం 41వ సెక్షన్‌లో, ఆరు నెలలు పనిచేసిన మనిషిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసెయ్యకూడదన్నారు. నోటీసు అక్కర్లేని సందర్భం ఒకటే. తప్పు చేశాడన్న ఆరోపణ మీద విచారణ జరిపి, సాక్ష్యం నమోదు చేసి, అది రుజువైతే. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్‌లోనూ అదే మాట. తీసేసిన వ్యక్తి కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకునే వీలుంది. డెబ్భై ఏళ్ళకు పైగా పుస్తకంలో ఉన్న ఈ నిబంధన మెయిన్‌రోడ్డు దాకా నడిచి రాలేదు. ఎంతమంది సేల్స్‌మన్లను అడిగినా, "విచారణా? అదేదో గవర్నమెంటోళ్ళకండి" అనే అంటారు.

ఆ గవర్నమెంటోళ్ళూ కొట్టు పెట్టి చూశారు. 2019 అక్టోబరు 1 నుంచి 2024 అక్టోబరు దాకా మన రాష్ట్రంలో మద్యం చిల్లర అమ్మకం ప్రభుత్వమే చేసింది. సూపర్‌వైజర్లు, సేల్స్‌మెన్ అందరూ కాంట్రాక్టు మనుషులు. చాలాకాలం రొక్కం బేరమే. గల్లా సొమ్ము స్వాహా చేశారన్న కేసులు జిల్లా పేజీల్లో తరచూ కనపడేవి. ఎక్సైజు వాళ్ళు తనిఖీకి రావడం, స్టాకు లెక్కించడం, ఫిర్యాదు ఇవ్వడం కనీసం కాగితం మీద జరిగేది. రేషను డీలరు విషయంలోనూ అంతే, బియ్యంలో తేడా వస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు రాస్తారు, షోకాజు ఇస్తారు, జవాబు తీసుకుంటారు. అక్కడ అన్యాయాలు జరగవని కాదు. జరిగితే పట్టుకుని పైకి వెళ్ళడానికి ఒక కాగితం ఉంటుంది.

షావుకారు వైపు మాట కూడా వినాలి. పట్టపగలు కళ్ళెదుట ఇల్లు గుల్ల చేసేవాళ్ళున్నారు. బిల్లు కొట్టకుండా తెలిసినవాళ్ళకు సరుకు దాటించడం, లేని వాపసుకు బిల్లు సృష్టించి రొక్కం తీసుకోవడం, పాత ధర టాగు కొత్త చీరకు తగిలించడం, నగల షాపులో ట్రే లెక్క ఇచ్చేటప్పుడు బరువులో గిల్లడం, ఇవి రోజూ వినే మాటలు. 2024 జూలైలో రాజమహేంద్రవరంలోనే ఏటీఎంలలో నింపాల్సిన రూ. 2.20 కోట్లతో ఏజెన్సీ ఉద్యోగి ఉడాయించాడని కేసైంది. పోలీసులు రోజుల్లోనే పట్టుకున్నారు. అంత పెద్ద సొమ్ము, అంత స్పష్టమైన కేసు అయితే పోలీసులు పరిగెడతారు. ఎనిమిది వేల తేడాకు ఎవరు పరిగెడతారు? పైగా ఏడేళ్ళ దాకా శిక్షపడే నేరాల్లో వెంటనే అరెస్టు చెయ్యనక్కర్లేదు, నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లో గట్టిగా చెప్పింది. దాన్నే జనం ఇప్పటికీ "41ఏ నోటీసు" అంటారు. షావుకారుకు అది "వదిలేశారు" అన్నట్టు వినపడుతుంది. దొరికిన నగ కోర్టు స్వాధీనంలోకి పోతే ఎన్నాళ్ళకొస్తుందో అని ఇంకో భయం. ఫొటోలు తీసి, పంచనామా రాసి, వస్తువును త్వరగా యజమానికి ఇచ్చెయ్యాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది గానీ ఆ అర్జీ పెట్టుకోవాలని చెప్పేవాళ్ళేరి?

అసలు భయం వేరే ఉంది. ఫిర్యాదు ఇవ్వాలంటే స్టాకు రిజిస్టరు చూపించాలి. బిల్లుకెక్కని సరుకు పోతే, పోయిందని ఏ పుస్తకంతో రుజువు చేస్తారు? ఎస్టిమేటు చీటీ మీద నడిచే బేరం ఉన్నంతకాలం స్టేషను గుమ్మం షావుకారుకు కూడా ఎత్తుగానే కనపడుతుంది. అందుకే పెద్దమనుషుల పంచాయితీ, ఖాళీ నోటు, గుట్టుచప్పుడు కాకుండా పంపెయ్యడం. దొంగ కూడా దీన్ని కనిపెట్టాడు. నిజంగా చేతివాటం ఉన్నవాడు నోటు రాసిచ్చి, పక్క ఊళ్ళో ఇంకో కొట్టు చూసుకుంటాడు. తియ్యనివాడే ఊరు కదలలేక కుమిలిపోతాడు. ఆ కుమిలిపోవడం ఒక్కోసారి గోదావరి రోడ్డు-రైలు వంతెన దాకా వెళ్తుంది. అప్పుడు ఆత్మహత్యకు పురికొల్పిన కేసు, పదేళ్ళ దాకా శిక్ష. ఎనిమిది వేల తేడా దగ్గర మొదలైన వ్యవహారం.

జీతం ఆపడం గురించి రెండు మాటలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు గానీ డబ్బు గానీ అతని నిర్లక్ష్యం వల్లనే పోతేనే కోత పెట్టవచ్చు. ముందు సంజాయిషీ అడగాలి. నష్టానికి మించి కొయ్యకూడదు. ఒక నెల అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. తీసేసినవాడికైనా రావలసింది రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. 1936 నాటి పాత చట్టంలో కూడా సంజాయిషీ నిబంధన ఉన్నదే. "తేడా వస్తే కౌంటరు మొత్తం తలా ఇంత కట్టాలి" అనే పద్ధతికి ఏ చట్టంలోనూ చోటు లేదు. గ్రాట్యుటీ విషయంలో మాత్రం గాలి యజమానుల వైపు తిరిగింది. దొంగతనం లాంటి నైతిక నేరానికి తీసేస్తే గ్రాట్యుటీ ఆపవచ్చు గానీ కోర్టులో శిక్షపడి ఉండాలని 2018లో సుప్రీంకోర్టు అంది. 2025 ఫిబ్రవరిలో ఇంకో తీర్పులో శిక్ష అక్కర్లేదు, సంస్థ విచారణలో తేలినా చాలంది. అంటే ఆ విచారణ ఎలా జరిగిందన్నదే ఇప్పుడు కీలకం.

సుప్రీంకోర్టు మిగతా తీర్పులు చూసినా ఇదే కనపడుతుంది. మంగళూరు వైపు జనతా బజారు సహకార స్టోర్స్ కేసులో 2000లో కోర్టు ఏమందంటే, నమ్మి అప్పగించిన సరుకు కాజేసినట్టు రుజువయ్యాక మొత్తం చిన్నదా పెద్దదా అన్న ప్రశ్న లేదు, జాలిపడి ఉద్యోగం తిరిగి ఇప్పించక్కర్లేదు. యజమానులందరూ ఈ తీర్పునే చూపిస్తారు. దానికి ఏడాది ముందు, 1999లో, కోలారులోని భారత్ గోల్డ్ మైన్స్ కేసు ఉంది. భద్రతాధికారి ఇంట్లో 4.5 గ్రాముల బంగారు ముద్ద, కొంత బంగారు ఇసుక దొరికిందన్నారు. అతను లేకుండానే విచారణ జరిపి తీసేశారు. సస్పెన్షన్‌లో ఇవ్వాల్సిన భత్యం కూడా ఇవ్వలేదు, రావడానికి డబ్బుల్లేవని అతను మొత్తుకున్నా వినలేదు. క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది. అవే సాక్ష్యాల మీద నడిచిన ఆ విచారణ చెల్లదని సుప్రీంకోర్టు మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమంది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిదాని బలమంతా "రుజువయ్యాక" అన్న మాటలో ఉంది.

మనవాళ్ళు సముద్రాలు దాటినా ఈ తేడా వెంటే వెళ్ళింది. అమెరికాలో గ్యాస్ స్టేషన్లలో, ఇండియన్ గ్రాసరీ కొట్లలో రాత్రి కౌంటరు మీద నిలబడేది చాలాసార్లు మన భీమవరం, కాకినాడ పిల్లలే. యజమానీ చాలాసార్లు తెలుగువాడే. డ్రాయరులో నలభై డాలర్లు తక్కువైతే కూలీలోంచి కోస్తాడు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం అలా కోసినా చేతికొచ్చేది గంటకు 7.25 డాలర్ల కనీస వేతనం కన్నా తగ్గకూడదు. కానీ పనిచేసే అనుమతి లేకుండా రొక్కానికి పనిచేస్తున్న విద్యార్థి ఎవరికి చెప్పుకుంటాడు? తాడితోటలో బిల్లు లేని సరుకులాగే అక్కడ లెక్కలో లేని మనిషి.

అదే అమెరికాలో 1988లో చట్టం చేసి ప్రైవేటు యజమానులు ఉద్యోగులను అబద్ధాల యంత్రానికి కట్టడాన్ని చాలావరకు ఆపారు. మన దగ్గర 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఇష్టం లేకుండా అలాంటి పరీక్షలు పెట్టకూడదంది. కానీ ఒప్పుకోలు కాగితాలను పోగేసి పెద్ద దుకాణాలన్నీ చూసుకునే జాబితాలు అమెరికాలో నడిచాయి. ఎస్టీమ్ అనే అలాంటి జాబితాలో పేరెక్కి, కేసు కూడా లేకుండా ఉద్యోగాలు దొరకనివాళ్ళ గురించి 2013లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2008లో బ్రిటన్లోనూ ఇలాంటి రిజిస్టరు మొదలుపెట్టారు. మన మెయిన్‌రోడ్డు రిజిస్టరు వాట్సాప్ గ్రూపు. ఫొటో పెట్టి, "ఇతన్ని పనిలో పెట్టుకోవద్దు" అని ఒక వరస. సాటి వ్యాపారిని సదుద్దేశంతో హెచ్చరించడాన్ని పరువునష్టం చట్టం తప్పుపట్టదు. కానీ ఆ సదుద్దేశం చూపించాలంటే విచారించి తేల్చిన ఆధారం చేతిలో ఉండాలి. తేడా వచ్చిన రాత్రే ఫొటో పెట్టినవాడి దగ్గర ఏముంటుంది?

ఇంతకూ షావుకారు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఆ రాత్రి ఎవరినీ ఏమీ అడక్కుండా లెక్క రెండోసారి వేరే మనిషి చేత చేయించాలి. ఇంటికి పంపిన సరుకు, వాపసు వచ్చిన సరుకు, తరుగు తీసెయ్యాలి. ఫుటేజీ పక్కన పెట్టాలి. అప్పటికీ అనుమానం ఒక మనిషి మీదే నిలిస్తే ఫలానా రోజు, ఫలానా సరుకు, ఫలానా ఆధారం అని రాసి ఒక కాగితం ఇచ్చి, జవాబుకు నాలుగు రోజులు ఇవ్వాలి. విచారించే మనిషి ఆ కొట్టువాడు కాకూడదు. ఆడపిల్లయితే గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి, సోదా చెయ్యాల్సి వస్తే ఆడమనిషే చెయ్యాలి. తేలితే తీసెయ్యండి, ఫిర్యాదు ఇవ్వండి. కోర్టు అనుమతితో రాజీ పడే దారి కూడా 306 కేసులకు ఉంది. తేలకపోతే అందరి ముందూ ఆ మాట చెప్పండి.

ఇది రాజమండ్రి చాంబర్ ఆఫ్ కామర్స్ పెద్దలకు విన్నపం. ఆ కాగితం నమూనా ఒకటి తెలుగులో, ఒక్క పేజీలో, మీరే అచ్చు వేయించి కొట్టు కొట్టుకూ పంచండి. కింద సగం ఉద్యోగి జవాబుకు ఖాళీ వదలండి. ఇక కౌంటరు మీద నిలబడే అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక్క మాట. ఎవరెంత బతిమాలినా, ఎంత బెదిరించినా, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.